ఎముకను చదవడం ఎలా: మాంసం కొట్టు ముక్క నుంచి మైక్రోస్కోపు స్లైడు దాకా

తిరుపతిలో ఎముక కణజాలం పాఠం చెప్పిన ఇన్నేళ్లలో, కొత్త విద్యార్థులను నేను మొదట అడిగే ప్రశ్న మారలేదు. అరగదీసిన ఎముక స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, వలయాల మధ్య కనిపించే నల్లటి మచ్చను చూపించి, అదేమిటని అడుగుతాను. పదిమందిలో తొమ్మిదిమంది ‘ఆస్టియోసైట్’, అంటే ఎముక కణం, అని చెబుతారు. అది తప్పు. ఆ స్లైడులో ఒక్క కణం కూడా లేదు. ఎముకను ఎండబెట్టి అరగదీసే సరికే కణాలన్నీ పోయాయి. మిగిలినవి అవి బతికిన గదులు మాత్రమే. ఆ గదుల్లో చేరిన గాలి నల్లగా కనిపిస్తోంది.

ఈ తప్పుకు విద్యార్థులను నిందించలేము. గుండ్రటి బొమ్మను కంఠతా పట్టించి, దానికి పేర్లు రాయమంటే ఇలాగే అవుతుంది. ఎముక ఒక బొమ్మ కాదు; అది కాలక్రమంలో కట్టబడుతూ, కూల్చబడుతూ, మళ్లీ కట్టబడుతూ ఉండే కణజాలం. దానిలో కనిపించే ప్రతి గీతా ఎప్పుడో జరిగిన ఒక పనికి గుర్తు. అందువల్ల దానిని చేతితో తాకి, కోసి, కరిగించి, అరగదీసి, ఆ తర్వాతే పేర్లు నేర్చుకోవడం మంచిది. ఇంటర్ బైపీసీ చదువుతున్నవారు మొదటి రెండు మెట్లను ఇంట్లోనే చేసుకోవచ్చు. నర్సింగ్, ఫిజియోథెరపీ, వైద్య, పశువైద్య విద్యార్థులు తమ కళాశాల ప్రయోగశాలలో మిగిలినవి కూడా చేయవచ్చు.

మొదటి మెట్టు: మొత్తం ఎముకను నిలువుగా కోసి చూడటం

ఆదివారం తెల్లవారుజామునే మాంసం కొట్టుకు వెళ్లి, లేత మేక తొడ ఎముకను అడగండి. అడగకపోతే కొట్టు యజమాని అలవాటు కొద్దీ మొద్దు మీద పెట్టి ముక్కలు కొట్టేస్తాడు; కత్తి దెబ్బకు ఎముక చిట్లిపోయి, లోపలి అమరిక చెదిరిపోతుంది. ‘అన్నా, తొడ ఎమిక కొట్టొద్దు, మొత్తంగా ఇయ్యి’ అని ముందే చెప్పాలి. ఇంటికి తెచ్చి, కండను గీకి తీసి, హ్యాక్సా బ్లేడుతో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నిలువుగా రెండు చెక్కలుగా కోయండి. దీనికి అరగంట పడుతుంది. చేతికి మందపాటి గ్లౌజు, ఎముక కింద తడిగుడ్డ తప్పనిసరి.

కోసే ముందు ఎముక పైభాగాన్ని ఒకసారి చూడండి. నడిమి కాడ మీద పల్చని, గట్టి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. గోరుతో లాగితే రాదు, కత్తి మొనతో పైకెత్తాలి. ఇది పర్యస్థిక. దీని నుంచి బయలుదేరే కొల్లాజన్ పోగులు ఎముక లోపలికి మేకుల్లా దిగి ఉండటమే అంత బిగువుకు కారణం. వాటిని షార్పీ పోగులు అంటారు. పొరను ఒలిచిన చోట సూదిమొనంత ఎర్రటి చుక్కలు కనబడితే, అవి రక్తనాళాలు లోపలికి వెళ్లిన దారులు. కాడ మధ్యలో ఒకచోట ఏటవాలుగా లోపలికి వెళ్లే కొంచెం పెద్ద రంధ్రం కూడా ఉంటుంది. మజ్జకు రక్తాన్ని తీసుకువెళ్లే ప్రధాన పోషక ధమని దాని గుండానే వెళుతుంది. ఎముక ప్రాణం లేని కర్ర కాదని చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు కోసిన ముఖాన్ని నీటితో కడిగి వెలుతురులో పెట్టండి. రెండు చివరల మీద ముత్యంలా నీలి తెలుపు మెరుపుతో ఉన్న నున్నని తొడుగు మృదులాస్థి. దాని మీద పర్యస్థిక ఉండదు. దాని కింద స్పాంజి లాంటి భాగం, సన్నటి ఎముక కమ్ముల వలగా కనిపిస్తుంది. ఆ వల కన్నుల్లో ఎర్రని మజ్జ ఉంటుంది. నడిమి కాడకు వస్తే గోడ దట్టంగా, దంతంలా గట్టిగా ఉంటుంది. దాని లోపల మన వంటింట్లో అందరికీ ఇష్టమైన మూలుగ ఉంటుంది. ఆ గోడ లోపలి వైపును, స్పాంజి కమ్ములన్నింటినీ కప్పే అతి పల్చని కణాల పొర అంతరాస్థిక. అది కంటికి కనిపించదు.

ఈ చెక్కలో అన్నిటికన్నా విలువైనది చివరి తలకూ కాడకూ మధ్య అడ్డంగా, కాస్త వంకరగా సాగే తెల్లటి గీత. జంతువు లేతదైతేనే అది కనబడుతుంది. అది పెరుగుదల ఫలకం. దానిని వేలితో తడిమి గుర్తుంచుకోండి. ఆరో మెట్టులో దాని దగ్గరికి మళ్లీ వస్తాము.

మనిషి అస్థిపంజరం బరువులో దాదాపు 80 శాతం దట్టమైన ఎముక, 20 శాతం స్పాంజి ఎముక. స్పాంజి కమ్ములు అడ్డదిడ్డంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, బరువు ఎటు పడుతుందో అటే అవి వరుస కడతాయి. జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో దీనిని ఒక నియమంగా ప్రతిపాదించాడు. అలిపిరి నుంచి కొండకు ఉన్న సుమారు 3,550 మెట్లను ఎక్కే యాత్రికుడి తొడ ఎముక మెడలో, ప్రతి అడుగుకూ పడే భారాన్ని కాడ గోడలోకి దించేది ఈ కమ్ముల వరుసలే.

రెండో మెట్టు: ఎముకలోని రెండు పదార్థాలను విడదీయడం

ఒకే కోడి నుంచి రెండు కాలి ఎముకలు తీసుకుని, ఉడికించకుండా శుభ్రం చేయండి. ఒకదానిని గాజు సీసాలో వేసి, అంగళ్లలో దొరికే మామూలు తెల్ల వెనిగర్‌లో పూర్తిగా మునిగేలా ఉంచండి. కొద్దిసేపటికి సన్నని బుడగలు వస్తాయి. అది ఎముకలోని కార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడటం. రోజూ వెనిగర్ మార్చండి. ఐదు నుంచి ఏడు రోజులకు ఎముక ఆకారం చెక్కు చెదరకుండానే రబ్బరులా వంగుతుంది. సన్నని ఎముకైతే ముడి కూడా వేయవచ్చు.

రెండో ఎముకను ఆరుబయట, పెద్దవాళ్ల సమక్షంలో, నిప్పుల మీద బాగా కాల్చండి. ముందు నల్లబడుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మరింత కాలిస్తే బూడిద తెలుపుకు వస్తుంది. చల్లారాక దాని ఆకారం కూడా అలాగే ఉంటుంది గానీ, రెండు వేళ్ల మధ్య నొక్కితే సున్నపు ముక్కలా పొడి అవుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వెనిగర్ ఖనిజాన్ని తీసుకుపోయింది, మిగిలినది కొల్లాజన్. నిప్పు కొల్లాజన్‌ను తీసుకుపోయింది, మిగిలినది ఖనిజం. ఏ ఒక్కటి పోయినా ఆకారం నిలిచింది. అంటే ఈ రెండూ పక్కపక్కన గుట్టలుగా లేవు, ఎముక అంతటా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. ఎముక బరువులో సుమారు 65 శాతం ఖనిజం, 25 శాతం దాకా సేంద్రియ పదార్థం, మిగిలినది నీరు. సేంద్రియ పదార్థంలో 90 శాతం ఒకటో రకం కొల్లాజన్. ఖనిజం ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్. దాని అతిసూక్ష్మ స్ఫటికాలు కొల్లాజన్ పోగుల లోపలా, చుట్టూ పేరుకుంటాయి. లాగే బలాన్ని కొల్లాజన్ ఓర్చుకుంటుంది, నొక్కే బలాన్ని ఖనిజం ఓర్చుకుంటుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఇక్కడే ఉంది.

పిల్లల ఎముకలు చాలాసార్లు పూర్తిగా విరగకుండా, పచ్చి కొమ్మలా ఒక పక్క చిట్లి ఇంకో పక్క వంగి ఎందుకు ఉంటాయో వంగిన ఈ కోడి ఎముక సగం చెబుతుంది. పిల్లల ఎముకలో పెద్దల ఎముకతో పోలిస్తే ఖనిజం పాలు తక్కువ, పర్యస్థిక మందం ఎక్కువ.

మూడో మెట్టు: అరగదీసిన స్లైడు తయారుచేయడం

ఇది ఓపిక పని. కళాశాల సేకరణలోని పాత ఎముక గానీ, శుభ్రం చేసి కొవ్వు తీసి బాగా ఎండబెట్టిన పశువు ఎముక గానీ వాడండి. నడిమి కాడ నుంచి హ్యాక్సాతో అడ్డంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం బిళ్ల కోయండి. ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లుతూ కోయాలి.

ఆ తర్వాత పెయింటర్లు వాటర్ పేపర్ అని పిలిచే నల్లటి ఎమరీ కాగితాన్ని గాజు పలక మీద పరిచి, నీళ్లు పోసి, బిళ్లను వేలితో అదిమి గుండ్రంగా తిప్పుతూ అరగదీయండి. మొదట 120 నంబరు, తర్వాత 400, చివర 1000. ఒక ముఖం నున్నగా అయ్యాక రెండోది. బిళ్ల పల్చబడే కొద్దీ వేలికింద జారిపోతుంది కనుక, తడిపిన చిన్న బెండు ముక్కతో అదిమితే పట్టు ఉంటుంది. ఎంత అరగదీయాలని అందరూ అడుగుతారు. బిళ్లను వార్తాపత్రిక మీద పెడితే కింది అక్షరాలు చదవగలిగినంత వరకు. అప్పటికి మందం సుమారు 50 నుంచి 100 మైక్రోమీటర్ల మధ్యకు వస్తుంది. బిళ్లను కడిగి, మెత్తని బ్రష్షుతో గరుకుపొడి అంతా తీసేసి, ఆల్కహాల్‌లో ముంచి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో నేను చేసిన తొలి బిళ్ల చక్కగా కుదిరింది. మూడు సాయంత్రాలు దాని మీదే గడిపాను. అతికించే డీపీఎక్స్ జిగురు చిక్కగా ఉందని, సులభంగా పరుచుకుంటుందని దానిలో జైలీన్ ఎక్కువ కలిపి పల్చన చేశాను. మూతగాజు పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే, నాళాల గుండ్రటి కన్నాలు తప్ప ఏమీ లేదు. గదులూ లేవు, వాటి నుంచి పోయే సన్నటి గీతలూ లేవు. అంతా గాజులా పారదర్శకం. పల్చటి జిగురు గదుల్లోకి, సన్న దారుల్లోకి పాకి, అక్కడున్న గాలినంతా తరిమేసింది. గాలి పోయింది కనుక నలుపు పోయింది. ఆ స్లైడు పాడైపోయినా, నల్లగా కనిపించేది కణం కాదు, గాలి అని నాకు ఏ పుస్తకమూ చెప్పనంత గట్టిగా చెప్పింది. అందువల్ల జిగురును చిక్కగానే వాడండి. బిళ్ల పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టండి. పెట్టిన వెంటనే మూతగాజు వేసి, ఆ రోజే చూడండి.

నాలుగో మెట్టు: అరగదీసిన స్లైడును చదవడం

ముందు 10 రెట్ల కటకంతో మొదలుపెట్టండి. గుండ్రటి కన్నాల చుట్టూ నీటిలో రాయి వేసినప్పటి అలల్లా వలయాలు కనిపిస్తాయి. ఆ కన్నం హావర్షియన్ కుల్య. ఆంగ్ల వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ 1691లో ఎముకల మీద వెలువరించిన గ్రంథంలో ఈ కుల్యలను వర్ణించాడు. వాటికి పేరు ఆయన నుంచే వచ్చింది. బతికిన ఎముకలో ఆ కుల్య గుండా రక్తకేశనాళికలు, నాడీతంతువులు పోతాయి. చుట్టూ ఉన్న వలయాలు పటలికలు. నాలుగు నుంచి ఇరవై దాకా ఉండవచ్చు, ఒక్కొక్కటి 3 నుంచి 7 మైక్రోమీటర్ల మందం. కుల్య, వలయాలు కలిపి ఒక ఆస్టియాన్. దాని అడ్డకొలత సుమారు 200 మైక్రోమీటర్లు, అంటే రెండు మూడు తలవెంట్రుకలను పక్కపక్కన పెట్టినంత. అడ్డకోతలో వృత్తంలా కనిపించేది నిజానికి కాడ పొడుగునా సాగే స్తంభం. ఈ సంగతి మరిచిపోయి చాలామంది ఆస్టియాన్‌ను బిళ్లలా ఊహించుకుంటారు. అడ్డంగా లేక ఏటవాలుగా పోతూ కుల్యలను ఒకదానితో ఒకటి కలిపేవి వోల్క్‌మన్ కుల్యలు. వాటి చుట్టూ వలయాలుండవు, కనుక వాటిని గుర్తించడం తేలిక.

ఇప్పుడు 40 రెట్ల కటకానికి మారండి. వలయాల మధ్య చింతగింజను చిన్నది చేసినట్టున్న నల్లటి ఖాళీలే తెలుగు పాఠ్యపుస్తకాలు లిక్విణులని, వైద్య కళాశాలలు లాకునాలని పిలిచే గదులు. ప్రతి గది నుంచి సాలెపురుగు కాళ్లలా అతిసన్నని గీతలు అన్ని వైపులా పోతాయి. అవి సూక్ష్మకుల్యలు, వెడల్పు ఒక మైక్రోమీటరులో సగానికి మించదు. ఒక గది గీతను పట్టుకుని వెళ్లి చూడండి. అది పక్క గది గీతతో, అది ఇంకో గదితో, చివరికి హావర్షియన్ కుల్యతో కలుస్తుంది. కణాల చుట్టూ ఉండే పదార్థమైన మాత్రిక ఎముకలో ఖనిజం నిండి గట్టిగా ఉంటుంది కనుక, దాని గుండా ఆహారం, ఆక్సిజన్ ఇంకలేవు. మృదులాస్థిలోనైతే మెత్తటి మాత్రిక గుండానే అవి ఇంకిపోతాయి కనుక ఈ దారుల అవసరం లేదు. ఎముకకూ మృదులాస్థికీ ఇన్ని తేడాలు బట్టీ పట్టేవారు ఈ ఒక్క కారణాన్ని పట్టుకుంటే మిగతావి చాలావరకు వాటంతట అవే తెలుస్తాయి.

ఆస్టియాన్ల నడుమ వలయం పూర్తి కాని విరిగిన ముక్కలు కనిపిస్తాయి. నాకు ఈ స్లైడులో అత్యంత ప్రియమైనవి అవే. పాత ఆస్టియాన్‌ను కొంత తొలిచేసి, ఆ చోట కొత్త ఆస్టియాన్ కట్టినప్పుడు పాతదానిలో మిగిలిపోయిన భాగమది. కొత్తదాని అంచున, పాతదానికీ దానికీ మధ్య, సూక్ష్మకుల్యలు చాలావరకు దాటని సిమెంటు గీత ఒకటి ఉంటుంది. దేని వలయాలు చెదరకుండా పూర్తిగా ఉన్నాయో అది కొత్తది, దేని వలయాలు తెగిపోయాయో అది పాతది. ఇలా ఒకే స్లైడులో నాలుగైదు ఆస్టియాన్లను వయసు వరుసలో పేర్చగలిగితే మీరు ఎముకను చదవడం మొదలుపెట్టినట్టే.

ఒక హెచ్చరిక. మాంసం కొట్టు నుంచి తెచ్చిన లేత మేక, గొర్రె, దూడ ఎముకలను అరగదీస్తే పుస్తకంలోని వలయాలు సరిగా కనిపించకపోవచ్చు. ఇటుక వరుసల్లా పొరలు, వాటి మధ్య రక్తనాళాల జాలం కనిపిస్తాయి. వేగంగా పెరిగే పెద్ద జంతువులు లేతగా ఉన్నప్పుడు గబగబా కట్టే ఎముక అలాగే ఉంటుంది. స్లైడు పాడైందని పారేయకండి; వయసు మళ్లిన పశువు ఎముకను దాని పక్కన పెట్టి పోల్చి చూడండి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉండటం ఇక్కడి విద్యార్థులకు ఒక సౌలభ్యం.

ఐదో మెట్టు: కణాలను చూడటం

కణాలు కావాలంటే ఎముకను ఎండనివ్వకూడదు. తాజా ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో నిలవచేసి, ఆ తర్వాత 5 శాతం నైట్రిక్ ఆమ్లంలో గానీ, ఫార్మిక్ ఆమ్లంలో గానీ, వారాల పాటు ఆగగలిగితే ఈడీటీఏ ద్రావణంలో గానీ ఉంచి ఖనిజాన్ని తీసేయాలి. రెండో మెట్టులో వెనిగర్ చేసిన పనే ఇది. పని పూర్తయ్యిందీ లేనిదీ సన్నని సూదితో గుచ్చి చూస్తారు. అవసరానికి మించి ఆమ్లంలో ఉంచితే కేంద్రకాలు రంగు పట్టవు. ఆ తర్వాత పారఫిన్‌లో పొదిగి, పల్చగా కోసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తారు. ఈ పని ప్రయోగశాల సిబ్బంది పర్యవేక్షణలోనే చేయాలి.

ఈ స్లైడులో స్పాంజి కమ్ముల అంచును వెతకండి. ఒక వరుసలో ఇటుకల్లా చేరి, నీలిరంగు ఎక్కువ పట్టిన కణాలు కనిపిస్తే అవి ఆస్టియోబ్లాస్టులు. పర్యస్థిక లోపలి పొరలో, అంతరాస్థికలో ఉండే మూలకణాల నుంచి ఇవి పుడతాయి. ఇవి కొల్లాజన్‌ను స్రవించి ఆస్టియాయిడ్ అనే మెత్తటి పదార్థాన్ని పరుస్తాయి. సుమారు 10 నుంచి 15 రోజుల తర్వాత దానిలో ఖనిజం చేరడం మొదలవుతుంది. ఇవి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును కూడా విడుదల చేస్తాయి. ఎదిగే పిల్లల రక్తపరీక్షలో ఆ ఎంజైము పెద్దలకన్నా ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. రిపోర్టు చూసి కాలేయం చెడిందేమోనని కంగారు పడే తల్లిదండ్రులను నేను చూశాను.

తాను పరిచిన పదార్థంలో తానే మునిగిపోయిన ఆస్టియోబ్లాస్టు ఆస్టియోసైట్ అవుతుంది. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. మొదటి స్లైడులో ఖాళీగా కనిపించిన గదిలో ఇప్పుడు చిన్న కేంద్రకం ఉంటుంది. దీని చేతులు సూక్ష్మకుల్యల గుండా చాచి, పొరుగు కణం చేతులను అందుకుంటాయి. ఎముక మీద భారం పడినప్పుడు ఆ సన్న దారుల్లోని ద్రవం కదులుతుంది. ఆ కదలికను ఆస్టియోసైట్లు పసిగట్టి, ఎక్కడ కట్టాలో ఎక్కడ తొలగించాలో ఉపరితలం మీది కణాలకు సంకేతాలు పంపుతాయి. పని లేనప్పుడు ఎముక ఉపరితలాన్ని కప్పి ఉండే చదునైన కణాలు కూడా ఈ వంశానివే.

ఆస్టియోక్లాస్టు మాత్రం వేరే వంశం. ఇది రక్తకణాలను పుట్టించే మజ్జ మూలకణాల నుంచి, తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన మోనోసైట్ల వరుసలో వస్తుంది. అనేక కణాలు కలిసిపోయి ఒక్కటైనందువల్ల దీనికి చాలా కేంద్రకాలుంటాయి. స్లైడులో దీన్ని పట్టుకోవాలంటే కమ్మి అంచున చిన్న గుంట ఉన్న చోట వెతకాలి. ఆ గుంటలో ఎర్రటి పెద్ద కణం కూర్చుని ఉంటుంది. ఎముకకు తగిలే వైపు దాని అంచు కుచ్చిళ్లు పెట్టినట్టు ముడతలుగా ఉంటుంది. అంచును చుట్టూ మూసివేసి, ఆ మూసిన చోటికి ముందు ఆమ్లాన్ని వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. ఆ తర్వాత కేథెప్సిన్ కె అనే ఎంజైముతో కొల్లాజన్‌ను జీర్ణం చేస్తుంది. మన వెనిగర్ సీసా వారం రోజులు పట్టిన పనిని ఈ కణం తన కింది చిటికెడు చోటులో నిత్యం చేస్తూ ఉంటుంది. దీనిని పనికి పిలిచే ర్యాంక్‌ఎల్ అనే సంకేతాన్ని పంపేది ఆస్టియోబ్లాస్టుల వంశమే. అంటే కట్టేవారి అనుమతి లేకుండా కూల్చేవారు రారు. నెలసరి ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు ఈ అదుపు సడలి, తొలిచినంత మేరకు కట్టడం జరగదు.

ఆరో మెట్టు: ఎముక పుట్టుకను అనుసరించడం

ఎముక రెండు దారుల్లో పుడుతుంది. పుట్టిన తర్వాత రెండు రకాల ఎముకల కణజాలమూ ఒకటే. దారి మాత్రమే వేరు. కపాలంలోని చదును ఎముకలు, ముఖంలోని చాలా ఎముకలు పల్చని పొర లాంటి పిండ కణజాలంలో నేరుగా ఏర్పడతాయి. అక్కడి కణాలు గుంపు కట్టి ఆస్టియోబ్లాస్టులుగా మారి, కమ్ములు పరిచి, వాటిని కలుపుకుంటూ పోతాయి. పసిబిడ్డ మాడు మీద మెత్తగా కొట్టుకునే చోటు ఈ పని ఇంకా పూర్తి కాలేదనడానికి గుర్తు. జత్రుక అనే, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక గర్భంలో ఐదారు వారాలకే, అన్నిటికన్నా ముందు గట్టిపడటం మొదలుపెట్టి, లోపలి చివర మాత్రం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా అతుక్కోదు.

చేతులు, కాళ్లు, వెన్ను ఎముకలకు ముందుగా మృదులాస్థితో ఒక నమూనా తయారవుతుంది. గర్భంలో ఎనిమిదో వారం ప్రాంతంలో నమూనా నడుముకు చుట్టూ ఎముక పట్టీ ఏర్పడుతుంది. లోపలి మృదులాస్థి కణాలు ఉబ్బి, చుట్టూ ఖనిజం చేరి, చనిపోతాయి. ఆ ఖాళీల్లోకి రక్తనాళాలు చొచ్చుకుని వచ్చి, తమతో ఆస్టియోబ్లాస్టులను తెస్తాయి. ఇది ప్రథమ కేంద్రం. చివరల్లో ద్వితీయ కేంద్రాలు చాలావరకు పుట్టిన తర్వాతే వస్తాయి. తొడ ఎముక కింది చివరి కేంద్రం మాత్రం ప్రసవ సమయానికి కనబడుతుంది కనుక, శిశువు నెలలు నిండి పుట్టిందా అని తేల్చడానికి న్యాయవైద్యులు దానిని చూస్తారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి: మృదులాస్థి ఎముకగా మారదు. మృదులాస్థిని తొలగించి ఆ చోట కణాలు ఎముకను కడతాయి.

మొదటి మెట్టులో వేలితో తడిమిన తెల్ల గీత ఈ రెండు కేంద్రాల మధ్య మిగిలిన మృదులాస్థి. దాని స్లైడును తల వైపు నుంచి కాడ వైపుకు చదవాలి. విశ్రాంతిలో ఉన్న చిన్న కణాలు, వాటి కింద నాణేలు పేర్చినట్టు దొంతరలుగా విభజన చెందే కణాలు, ఆ తర్వాత ఉబ్బిన పెద్ద కణాలు, ఖనిజం చేరిన సన్న గోడలు, చివరగా ఆ గోడలను పట్టుకుని ఎముక పరిచే ఆస్టియోబ్లాస్టులు. దొంతర పెరిగే కొద్దీ తల ముందుకు జరుగుతుంది, మనిషి పొడుగవుతాడు. విటమిన్ డి, కాల్షియం చాలనప్పుడు ఖనిజం చేరే మండలమే దెబ్బతింటుంది. ఉబ్బిన కణాలు తొలగకుండా పేరుకుని, పిల్లల మణికట్లు లావెక్కుతాయి. అదే రికెట్స్. ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలో కూడా ఆరోగ్యవంతులైన వారిలో విటమిన్ డి లోపం, ఆహారంలో కాల్షియం కొరత ఎక్కువగా ఉన్నాయని తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

ఈ మెట్టుకు స్లైడు దొరకనివారు పిల్లల చేతి ఎక్స్‌రేలను చూడవచ్చు. పుట్టినప్పుడు మణికట్టులో ఎముకలేవీ కనబడవు. రెండు మూడు నెలలకు కేపిటేట్, హేమేట్ అనే రెండు మణికట్టు ఎముకలు కనిపిస్తాయి. ఆరేడేళ్లకు ఏడు ఎముకలు పూర్తవుతాయి. ఎనిమిదోదైన పిసిఫామ్ మాత్రం తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య వస్తుంది. ఒకసారి ఎనిమిదేళ్ల బాబు కింద పడితే తీసిన ఎక్స్‌రేను వాళ్లమ్మ వెలుతురుకు పట్టుకుని, మణికట్టు పైనున్న నల్ల గీత మీద వేలు పెట్టి, ‘ఈడ ఇరిగిపోయినట్టుంది గదా సార్’ అని కంట తడి పెట్టుకుంది. రెండో చేతి ఫిల్ము తీయించి, అదే చోట అదే గీతను చూపించాక గానీ ఆమె స్థిమితపడలేదు. ఎక్స్‌రేలో మృదులాస్థి నీడ పడదు. ఆ ఖాళీ, బిడ్డ ఎదుగుతున్న చోటు.

ఏడో మెట్టు: విరిగిన ఎముక అతుకును గమనించడం

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న పుత్తూరు పేరు చెబితే, ఎముకలకు కట్టే కట్టే అందరికీ గుర్తొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డతో వేసే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. తిరుపతిలోనే దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రిలో ప్లేట్లు, రాడ్లు వేసి చేసే చికిత్స జరుగుతుంది. పైకి రెండూ ఎంత వేరుగా కనిపించినా, అతికించేది కణాలే. బయటి నుంచి మనం చేయగలిగింది ముక్కలను సరైన వరుసలో నిలబెట్టి, కదలకుండా ఉంచడం.

విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. పర్యస్థిక కణాలు అక్కడికి చేరి, రెండు మూడు వారాల్లో మృదులాస్థి, నారలతో మెత్తటి అతుకు వేస్తాయి. తర్వాతి వారాల్లో దాని చోట కమ్ముల ఎముక వస్తుంది. అంటే గర్భంలో జరిగిన కథే మళ్లీ జరుగుతుంది. ఎక్స్‌రేలో అతుకు చుట్టూ బుడిపెలా కనిపించేది ఇదే. ఆ బుడిపెను నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పట్టి ఆస్టియోక్లాస్టులు చెక్కుతాయి. కట్టు ఎవరు వేసినా, వేళ్లు చల్లబడి, నీలబడి, మొద్దుబారి, మందుకు లొంగని నొప్పి వస్తే ఆ క్షణమే కట్టు విప్పించి ఆసుపత్రికి వెళ్లాలి. వాపు పెరిగే కొద్దీ బిగుతైన కట్టు రక్తాన్ని ఆపేస్తుంది. గంటల్లో కండ చచ్చిపోతుంది. చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చిన గాయానికి నేరుగా ఆసుపత్రే దారి.

ఎనిమిదో మెట్టు: గీయడం, చీటీ రాయడం

బొమ్మను గీసేటప్పుడు వలయాలతో మొదలుపెట్టకండి. ముందు కుల్యను, తర్వాత బయటి సిమెంటు గీతను గీయండి. ఆ తర్వాత సిమెంటు గీత నుంచి లోపలికి ఒక్కో వలయాన్నీ వేసుకుంటూ రండి. ఎందుకంటే తొలిచిన సొరంగం గోడ మీద ముందుగా పడిన పొర బయటిదే, కుల్యను ఆనుకున్నది అన్నిటికన్నా చివరిది. గదులను వలయాల మధ్య పెట్టి, సూక్ష్మకుల్యలను పక్క గదులతో తప్పక కలపండి. అరగదీసిన స్లైడు బొమ్మలో గదులను ఖాళీగా ఉంచండి, కేంద్రకం వేయకండి.

చివరగా స్లైడుకు చీటీ అతికించండి. జంతువు పేరు, ఏ ఎముక, ఏ భాగం, అడ్డకోతా నిలువుకోతా, అరగదీసిందా ఖనిజం తీసిందా, తేదీ. వీటన్నిటితో పాటు జంతువు వయసు, లేదంటే కనీసం లేతదా ముదురుదా అన్నది తప్పకుండా రాయండి. మిగతా వివరాల్లో ఒకటి రెండు తప్పిపోయినా స్లైడును చూసి ఊహించవచ్చు. వయసు తెలియకపోతే కనిపిస్తున్నది ఇంకా కట్టుకుంటున్న ఎముకా, పదిసార్లు తొలిచి కట్టిన ఎముకా అన్నది మీ తర్వాత ఆ పెట్టె తెరిచే విద్యార్థికి తేల్చుకోవడం కష్టమవుతుంది.